మాస్టారు గీసిన గడి

మాస్టారు పోయారు.

మంగళవారం పొద్దున్న ఆరూ ఇరవైకి మా మనవరాలు ఫోను చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చి ఆ మాట చెప్పింది. కాలవ మీద మంచు ఇంకా విడలేదు. అవతలి గట్టున కొబ్బరిచెట్లకి మొదళ్లు కనపడటం లేదు. తలలు మాత్రం ఆ తెలుపులో తేలుతున్నాయి.

"మామ్మా, మన సోషియాలజీ మాస్టారు పోయేరంట. నిద్రలోనే."

"ఎన్నింటికి?" అన్నాను.

పిల్ల నా మొహంలోకి చూసింది. "నిద్రలో పోయిన మనిషికి టైమెవరు రాస్తారు మామ్మా?"

నిజమే. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఏ కబురు విన్నా ముందు అంకె అడగటం అలవాటైపోయింది. ఆయనకి యాభై ఆరు. నాకు డెబ్బై రెండు. ఈ తీసివేత ఎటు నుంచి చేసినా తప్పుగానే వస్తోంది.

"మన మాస్టారు" అని పిల్ల ఊరికే అనలేదు. అమలాపురంలో డిగ్రీ చదివినప్పుడు దానికి ఆయనే సోషియాలజీ చెప్పారు. దానికంటే చాలా ముందు, ఇరవై ఏళ్ల కిందట, నాకూ చెప్పారు. అప్పుడు నాకు యాభై రెండు. దూరవిద్యలో ఎమ్మే కడదామనుకున్నాను. లెక్కల్లో చేసే ఓపిక లేదు. సోషియాలజీ సులువని ఎవరో చెబితే నమ్మాను. ఆదివారం ఆదివారం కొత్తపేటలో బస్సెక్కి అమలాపురం వెళ్లి క్లాసులో కూర్చునేదాన్ని. మాస్టారికి అప్పుడు ముప్పై ఆరు, నా కంటే పదహారేళ్లు చిన్న. అయినా మొదటి రోజు నుంచీ నాకు ఆయన మాస్టారే, నేను ఆయనకి టీచరుగారే.

మొదటి క్లాసుకి ఆయన పుస్తకం తేలేదు. చేతిసంచిలోంచి ఒక తాడు తీసి బోర్డు పక్కనున్న మేకుకి తగిలించారు. కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్లు రెండు పాదాలకీ వేసుకునే బంధం అది. వాడి వాడి నల్లబడి నున్నగా మెరుస్తోంది. కిటికీలోంచి కొబ్బరి మట్టల నీడ బోర్డు మీద అటూ ఇటూ ఊగుతోంది. ఆ నీడలోనే సుద్దముక్కతో రాసుకుంటూ పోయారు.

"ఈ తాడు కాళ్లని కట్టేస్తుందండి. కట్టేసింది కాబట్టే మనిషి పైకెళ్లగలుగుతున్నాడు. సమాజం ఇలాంటి తాడే అన్నాయన ఒకాయన ఉన్నారు, ఫ్రాన్సు ఆయన. ఇంకొకాయన జర్మనీలో పుట్టేరు, పెద్ద గడ్డం. ఆయనేమంటారంటే, తాడు సంగతి సరేనయ్యా, కాళ్లెవరివి, కాయలెవరింటికి వెళ్తున్నాయి, అది చెప్పు అంటారు. వాళ్ల దేశపాయనే మరొకాయన, కొంచెం దిగులు మనిషి. చెట్టెక్కేవాడు ఎక్కుతూ తన మనసులో ఏమనుకుంటున్నాడో అడిగేరా అంటారు."

"పేర్లు చెప్పండి మాస్టారూ, రాసుకుంటాం" అన్నారెవరో వెనక నుంచి.

"పేర్లు పరీక్షకి రాద్దురు గాని. ముందు మనుషుల్ని పరిచయం చేసుకోనివ్వండి."

అలా నెల రోజుల పాటు ఆ పెద్దవాళ్లంతా మా క్లాసులో పేర్లు లేకుండానే తిరిగారు. మాటని ఆస్తిగా చూసినాయన ఒకరు. పైకులాల అలవాట్లు చూసి కిందివాళ్లు తమ పూజలూ తిండీ మార్చుకోవటాన్ని పల్లెలో ఇల్లు తీసుకుని ఉండి మరీ రాసుకున్న మైసూరు వైపు ఆయన ఒకరు. మన కులం మెట్లు ఎలా పేర్చి ఉన్నాయో, ఏ మెట్టు వాడికైనా కాలు పెట్టుకోవటానికి కింద ఇంకో మెట్టు ఎందుకు దొరుకుతుందో విప్పి చెప్పిన ఆయన గురించి చెప్పేటప్పుడు మాత్రం మాస్టారు కుర్చీలో కూర్చునేవారు కాదు. నిలబడే చెప్పేవారు.

ఘర్షణ సిద్ధాంతాల పాఠం రోజున నేను లేచాను. మా వైపు ఇలాంటి గొడవలేవీ లేవని చెప్పటం నా బాధ్యత అనుకున్నాను.

"మాస్టారూ, మన కోనసీమలో ఘర్షణ ఎక్కడుందండీ? మనం కుక్కని కూడా అండీ అని పిలుస్తాం."

క్లాసు గొల్లుమంది. మాస్టారూ నవ్వారు. నవ్వటం అయ్యాక నెమ్మదిగా అన్నారు, "గొడవ లేదంటే సర్దుబాటైందని కాదండి టీచరుగారూ. ఒకళ్లు ఊరుకున్నారని. పోనీ, మీరు లెక్కల మనిషి కదండీ. మన మర్యాదని లెక్కేద్దాం. ఒక వారం పాటు మీ ఇంటి చుట్టూ ఎవరు ఎవరిని ఏమని పిలిచేరో, అవతలివాళ్లు ఏమని పలికేరో రాయండి. మీ అభిప్రాయాలు రాయొద్దండి. విన్నది మాత్రం."

పంతం వచ్చింది నాకు. రెండువందల పేజీల నోటు పుస్తకం తీసి నిలువుగా నాలుగు గడులు గీశాను. పిలిచినవారు, పిలిపించుకున్నవారి పేరు, పిలుపు, బదులు. ఏడు రోజులు ఒక్క పిలుపు వదల్లేదు. వంటింట్లోంచి వినపడినవి, గట్టు మీద నడిచేవాళ్లవి, బడిలోవి, చేపలమ్మే ఆవిడవి. మొత్తం ఆరువందల పన్నెండు.

ఆ వారంలోనే మా తోటలో దింపు పడింది. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి కాయలు దింపించటం మా వైపు మామూలే. చెట్ల కింద కుర్చీ వేయించుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. పైన మట్టల మధ్య మనిషి పాదాలు మాత్రమే కనపడుతున్నాయి.

"ఒరే! ఆ పడమటి గెల ముదరలేదు, వదిలెయ్!"

"ఆయ్! వదిలేసేనండి అమ్మగారూ!"

"ఒరే, చూసి కొట్టు, గోడ మీద పడేను!"

"ఆయ్, చూస్తన్నానండి!"

పిలవటం, రాసుకోవటం, మళ్లీ పిలవటం. సాయంత్రానికి పైకి వెళ్లిన పిలుపులు ముప్పై ఏడు. కిందకి వచ్చిన బదుళ్లూ ముప్పై ఏడు. కూడిక ఇంత చక్కగా సరిపోయినందుకు సంతోషించాను కూడా. ఆ మనిషి నా కంటే ఆరేళ్లు పెద్ద. పదకొండేళ్లుగా మా తోటకి వస్తున్నాడు. ఇవేవీ ఆ పుస్తకంలో రాయాలని తోచలేదు.

ఆదివారం మాస్టారు పుస్తకం తిరగేశారు. దింపు పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. కిటికీలో నీడ ఊగుతోంది. చివరికి క్లాసుకి ఆ పేజీ చదివి వినిపించారు. "చెట్టు మీద ఉన్నవాళ్లు అందరికంటే ఎత్తులో ఉంటారండి. అంత ఎత్తులో ఉన్న మనిషిని కింద నిలబడి ఒరే అనగలం. ఎత్తంటే నేల నుంచి కొలిచేది కాదని టీచరుగారి లెక్క చెబుతోంది. ఇంత నిజాయితీ అయిన లెక్క నేనెక్కడా చూళ్లేదండి." పొగడ్త అనుకుని తల ఊపాను. పుస్తకం చేతికొచ్చాక చూస్తే, ఆకుపచ్చ సిరాతో పేజీ అడుగున రెండు వాక్యాలున్నాయి. కూడిక సరిపోయింది. పేరు గడి ఖాళీగా ఉంది.

"దింపు మనిషి అని రాశాను కదండీ" అన్నాను.

"అది పనండి. గడి మీద పేరు అని మీరే రాసుకున్నారు."

తప్పు నాదే. గడి గీసి నింపకపోవటం పిల్లలు చేస్తే నేనే బెత్తం తీసేదాన్ని. తరవాతి దింపు దాకా ఆగాను. ఆ మనిషి చెట్టు దిగి తాడు విప్పుకుంటూంటే పుస్తకం తెరిచాను.

"నీ పేరేంటి?"

చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. "ఏమన్నా తప్పు జరిగిందా అండీ అమ్మగారూ?"

"తప్పేంటి! పేరడిగాను, అంతే."

"పోలీసోళ్లూ, రేషన్ కార్డు వాళ్లూ తప్ప ఎవరూ అడగరండి. అందుకనీ." నెమ్మదిగా చెప్పాడు. "దానియేలండి."

రాసుకున్నాను. అతను మెడ చాచి పుస్తకంలోకి చూసి నవ్వాడు. "భలే ఉందండి ఈ గళ్ల పుస్తకం. మా అబ్బాయి కూడా ఇలాంటివే రాయిస్తాడంట పిల్లల చేత. అమలాపురం కాలేజీలో చెప్తాడండి. నా పాత తాడొకటి పట్టుకుపోయేడు. ఎందుకురా అంటే, పాఠానికి నాన్నా అన్నాడు."

నా కలం పేరు చివర ఆగింది. మేకుకి వేలాడే ఆ నల్లటి తాడు కళ్ల ముందు ఊగింది. ముప్పై ఏడు పిలుపుల పేజీని తన తండ్రి గురించని తెలిసే మాస్టారు గట్టిగా చదివారు.

ఆ ఆదివారం క్లాసు అయిపోయాక అందరూ వెళ్లేదాకా కూర్చున్నాను. "మీరు ముందే చెప్పొచ్చు కదండీ మాస్టారూ" అన్నాను. కోపంగానే అన్నట్టున్నాను. సిగ్గుపడినప్పుడు నాకు కోపమే వస్తుంది.

"చెబితే నా మొహం చూసి మర్యాదకి మార్చి రాసేవారండి. మర్యాదకి రాసింది లెక్కలోకి రాదు కదండీ." పుస్తకం తీసుకుని, స్కేలు పెట్టి, దానియేలు అన్న పేరు పక్కన ఇంకో గడి గీశారు. పైన 'ఇక మీదట పిలుపు' అని రాశారు. "తొందరేం లేదండి" అన్నారు.

ఇక్కడి నుంచి నేను రాసేది నాకు గొప్ప తెచ్చేది కాదు. కానీ లెక్క లెక్కే.

కొడుకుని మాస్టారూ అనటానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. చేతిలో సుద్దముక్క ఉంటే నా నోరు దానంతటదే మర్యాద పలుకుతుంది. తండ్రి విషయంలో, తోటలో నిలబడి తల ఎత్తాను, నోరు తెరిచాను. గట్టు మీద మనుషులున్నారు. పక్కతోట వాళ్లున్నారు. పాత మాట బయటికి రానివ్వలేదు, కొత్త మాట రాలేదు. మధ్యలో ఉండిపోయి చప్పట్లు కొట్టాను. పైనుంచి "ఆయ్" అని వినపడింది.

అంతే. ఆ రోజు నుంచి ఆయన చెట్లెక్కటం మానేసేదాకా ఆరేళ్లు చప్పట్లే. రెండు చప్పట్లంటే ఆగమని, మూడంటే దిగమని. మా తోటలో పావురాలు కూడా వాటికి అలవాటు పడ్డాయి.

మాస్టారితో చెబితే ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "చప్పట్లా అండీ! అయినా పర్లేదండి. ఒరే నుంచి చప్పట్ల దాకా వచ్చేరు. అది కూడా రాయండి. మార్పు మన పుస్తకాల్లోలాగా నేరుగా నడిచి రాదండి, ఇలాగే దారి తప్పుకుంటూ వస్తుంది."

ఎమ్మే అయిపోయింది. రిటైరయ్యాను. గడి అలాగే ఉంది. అమలాపురం పుస్తకాల షాపులో కనిపిస్తే, పలివెల ఉత్సవంలో జనం మధ్య ఎదురైతే, మొదటి మాట "బాగున్నారా అండీ", రెండోది "గడి నింపేరా అండీ". ఎగతాళి లేదు అందులో, నిష్ఠూరమూ లేదు. ఇంట్లో మొక్క పూసిందా అని అడిగినట్టు అడిగేవారు. తరవాత మా మనవరాలి చేత కబురు పంపటం మొదలెట్టారు. "డెబ్బయ్యేళ్లొచ్చేయి, నీకింకా హోంవర్కు మిగిలే ఉందా మామ్మా! మాకైతే మర్నాడే ఇచ్చెయ్యాలంట" అని ఆ పిల్ల ఆట పట్టించేది.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు తప్పు జవాబు కింద గీత గీసేవారు కాదు, ప్రశ్న రాసేవారు. బోర్డు తుడిచేటప్పుడు ఎవరి మాట మీద వాళ్లకి కొంచెం గౌరవం మిగలాలన్నట్టు నెమ్మదిగా తుడిచేవారు. అటెండరుకి టీ ఇచ్చాకే తను తాగేవారు. భాష పాఠం చెబుతూ ఒకసారి అన్న మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. "కొందరికి భాష సొంత పొలంలా పుట్టుకతో వస్తుందండి. కొందరు కౌలుకి తీసుకుని మాట్లాడతారు. మా అమ్మ పెద్దింటి వాళ్లతో మాట్లాడేటప్పుడు గొంతు మారిపోయేది. చిన్నప్పుడు ఆవిడ వేరే మనిషేమో అనుకునేవాణ్ణి."

ఆయన పోయాక వరసగా రెండు మధ్యాహ్నాలు ఒకే కల వచ్చింది. కల ఎలా ఉందో అలాగే రాస్తున్నాను. మా కాలవ రేవు మెట్ల మీద ఆ పెద్దవాళ్లంతా కూర్చుని ఉన్నారు. గడ్డం ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నారు. ఫ్రాన్సు ఆయన తాడుకి ముడి వేస్తున్నారు. దిగులాయన ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్లలో కొబ్బరి నీడలు లెక్కపెడుతున్నారు. మైసూరు వైపు ఆయన గొడుగు వేసుకుని అన్నీ రాసుకుంటున్నారు. మాస్టారు మెట్లు దిగుతూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి "లేవండి, కొంచెం జరగండి" అంటున్నారు. ఎవరికోసమో చోటు చేస్తున్నారు. ఎవరికో చూద్దామని తల తిప్పేసరికి రెండుసార్లూ మెలకువ వచ్చింది.

మూడో రోజు ప్రార్థన అయ్యాక, మా మనవరాలు స్కూటీ మీద నన్ను వాళ్ల పేటకి తీసుకెళ్లింది. మాస్టారిని అక్కడే సమాధి చేశారు. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. కాలేజీ వాళ్లు, చర్చి వాళ్లు, మా ఊరి మనుషులూ చాలామంది. మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "మీ గురించి చెబుతుండేవారండి టీచరుగారూ. గళ్ల పుస్తకం టీచరుగారని."

"పెద్దాయన ఎక్కడున్నారండీ?" అన్నాను.

దొడ్డి వైపు చూపించారు. కాలవకి ఎదురుగా, మాకు వీపు పెట్టి, ఒక కొబ్బరిచెట్టు మొదట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల వీపు. ఆ చెట్టుని మాస్టారు ఉద్యోగంలో చేరిన ఏడు నాటారట. కాలేజీ నుంచి పుస్తకాలతో పాటు వచ్చిన తాడు పెద్దాయన ఒళ్లో ఉంది.

"చెవి సరిగా వినపడదండి మామయ్యగారికి. గట్టిగా పిలవండి" అన్నారావిడ.

పది అడుగుల దూరంలో ఆగాను. నా చేతులు వాటంతటవే లేచి, ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి. వాకిట్లో వాళ్లు ఇటు తిరిగారు. మనవరాలు నా చేతుల వైపే చూస్తోంది. దానికి మొత్తం కథ తెలుసు.

చేతులు దించాను.

"దానియేలు గారూ!"

వెనక్కి తిరగలేదు ఆయన. "అబ్బాయి లేడండి" అన్నారు కాలవ వైపు చూస్తూనే. ఆ ఇంట్లో గారూ అన్న పిలుపు ఎప్పుడూ కొడుకు కోసమే వచ్చింది కాబోలు.

"అబ్బాయి గారి కోసం కాదండి. మీకోసమే వచ్చాను. దానియేలు గారూ!"

ఈసారి విన్నారు. విని, నా వైపు తిరగకుండా, నెమ్మదిగా తల పైకెత్తారు. చెట్టు పొడవునా చూపు పాకి మొవ్వు దగ్గర ఆగింది. పిలుపులు కింద నుంచి పైకి వెళ్లటమే ఆయన ఎరుగుదురు. తను కింద ఉన్నప్పుడు వచ్చిన పిలుపు పైనుంచే రావాలనుకున్నారో, పైన ఇంకెవరున్నారనుకున్నారో, నేను అడగలేదు.

"ఆయ్" అన్నారు, చెట్టు మీదికి.

ఆ సాయంత్రం గడి నింపాను. పిలుపు ఒకటి. బదులు ఒకటి. కింద ఆకుపచ్చ సిరాతో సరిచూసేవారు లేరు. మాస్టారు తొందరేం లేదన్నారు. ఇరవై ఏళ్లు చాలా ఎక్కువని ఆయన అనలేదు, నేనంటున్నాను. ఇది చదివేవాళ్లలో ఎవరి పుస్తకంలోనైనా ఇలాంటి గడి ఉంటే, గీసినవాళ్లు ఉండగానే నింపండి.

ఆ దొడ్లో నేనూ తల ఎత్తి చూస్తూ ఆయన పక్కన చాలాసేపు నిలబడ్డాను. అప్పటికి పొద్దుటి మంచు పూర్తిగా విడిపోయింది. మొవ్వులో ఎవరూ లేరు. అయినా ఒక మట్ట, ఎవరో ఇప్పుడే పట్టుకుని వదిలినట్టు, ఊగుతూనే ఉంది.